మూడు ఖజానాల కొట్లాట: స్వాతంత్ర్యం ముంగిట నైజీరియా

సభకు నమస్కారం.

ఎనుగు అనే ఊరితో మొదలుపెడతాను. తూర్పు నైజీరియాలో బొగ్గు గనుల చుట్టూ పెరిగిన పట్నం అది. తూర్పున ఎక్కువగా ఉండే ఇగ్బో జాతి వాళ్లు తమది అని చెప్పుకునే ఊరు. 1950ల్లో ఆ ఊరికి మేయరుగా ఎన్నికైన వ్యక్తి పేరు ఉమారు ఆల్తినే. ఉత్తరాది నగరం సొకోటో నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఫులానీ ముస్లిం. గెలిచింది కూడా ఇగ్బోల పార్టీగా పేరుపడ్డ ఎన్‌.సి.ఎన్‌.సి. తరఫున. నైజీరియా చరిత్ర గురించి మాట్లాడేటప్పుడు "వాళ్లవి తరతరాల జాతి పగలు" అని ఎవరైనా తేల్చేస్తే, నాకు ఈ మేయరు గుర్తొస్తారు. తరతరాల పగ ఉన్న ఊళ్లో ఆయనకు ఓట్లు ఎవరు వేసినట్టు?

ఇగ్బో, యొరూబా, ఫులానీల రాజకీయ వైరం తాతముత్తాతల నాటిది కాదని నా నమ్మకం. 1941కి, 1959కి మధ్య, ఇరవై ఏళ్లు కూడా నిండకముందే అది తయారైంది. ఎలా తయారైందో చూద్దాం.

1941లో లాగోస్ శాసన మండలిలో ఒక స్థానం ఖాళీ అయింది. జాతీయవాద పార్టీ నైజీరియన్ యూత్ మూవ్‌మెంట్ తరఫున నిలబడాలని ఇద్దరు ఆశించారు. ఒకరు ఇజావ్ తెగకు చెందిన ఎర్నెస్ట్ ఇకోలి, మరొకరు ఇజెబు ప్రాంతపు యొరూబా శామ్యూల్ అకిసన్యా. ఇగ్బో అయిన న్నామ్‌ది అజికివే యొరూబా అకిసన్యాను బలపరిచారు. అదే ఇజెబు నేల నుంచి వచ్చిన ఒబఫెమి అవొలొవో మాత్రం ఇకోలి పక్షాన నిలిచారు. అంటే ఆ రోజుకు ఎవరూ జాతి లెక్క చూసుకుని నిలబడలేదు. కానీ ఉద్యమం చీలింది. అజికివే బయటికి వచ్చేశారు, ఆయన వెంట ఇగ్బోలలో ఎక్కువమంది వచ్చేశారు. చీలికకు జాతి పేరు ఆ తరవాత అతుక్కుంది.

అజికివే పుట్టింది ఉత్తరాన, జుంగేరులో, 1904లో. చిన్నతనంలో హౌసా మాట్లాడారు, లాగోస్‌లో చదువుకుంటూ యొరూబా నేర్చుకున్నారు. అలాంటి మనిషి పత్రికకూ, యొరూబా నాయకుల పత్రికకూ మధ్య 1948లో సాగిన తిట్ల యుద్ధం ఎంత దూరం పోయిందంటే, లాగోస్ బజార్లలో రెండు వర్గాల వాళ్లూ పోటీపడి మచ్చు కత్తులు కొన్నారు. అదృష్టవశాత్తు అవి ఒరలు దాటలేదు.

ఇక అసలు సంగతి. బ్రిటిష్ వారు 1946 రాజ్యాంగంతో దేశాన్ని ఉత్తర, పశ్చిమ, తూర్పు ప్రాంతాలుగా విడదీశారు. ఉత్తరాన హౌసా‑ఫులానీలు, పశ్చిమాన యొరూబాలు, తూర్పున ఇగ్బోలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1954లో దాన్ని పూర్తి సమాఖ్యగా మార్చినప్పుడు మార్కెటింగ్ బోర్డులనూ ప్రాంతాలకు పంచేశారు. ఈ బోర్డుల పని తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. రైతు పంటను బోర్డే కొంటుంది, ధర బోర్డే నిర్ణయిస్తుంది, ప్రపంచ మార్కెట్లో ఎక్కువకు అమ్ముకుని మిగులు తన దగ్గరే ఉంచుకుంటుంది. పశ్చిమాన కోకో, తూర్పున పామాయిలు, ఉత్తరాన వేరుశనగ. కానోలో వేరుశనగ బస్తాలను పిరమిడ్లలా పేర్చేవారు. ఆ కుప్పల వెనుక ఎవరి చెమట ఉందో ఊహించుకోండి. ఆ మిగులంతా ప్రాంతీయ ప్రభుత్వం చేతికి వచ్చింది. ప్రభుత్వం ఎవరిదైతే సొమ్ముపై పెత్తనం వాళ్లదే.

ఆ డబ్బుతో మంచి పనులు జరగలేదని నేను అనను. అవొలొవో ప్రభుత్వం 1955లో ఉచిత ప్రాథమిక విద్య తెచ్చింది. నాకు ఆయన మీద గౌరవం పెరగడానికి అదే కారణం. కానీ అదే డబ్బు పార్టీలకు దగ్గరి బ్యాంకుల్లోకీ వెళ్లింది. తూర్పు ప్రభుత్వ నిధులను అజికివేకు సంబంధమున్న బ్యాంకులో పెట్టడంపై 1956లో విచారణ జరిగింది. పశ్చిమాన అలాంటి విచారణే 1962లో జరిగింది. ప్రాంతం చేజారితే పార్టీ బతకదు. అందుకే ప్రతి పార్టీ ఇంటి ఓటరుకు పక్కింటివాణ్ణి బూచిగా చూపించడం మొదలుపెట్టింది.

1952 జనవరిలో పశ్చిమ శాసనసభలో జరిగింది చూడండి. ఇబాదాన్ స్థానిక పార్టీ నుంచి గెలిచిన ఆరుగురిలో అయిదుగురు అవొలొవో యాక్షన్ గ్రూపులో చేరిపోయారు. మనం గోడ దూకడం అంటాం, వాళ్లు తివాచీ దాటడం అంటారు. లాగోస్ నుంచి కేంద్ర సభకు వెళ్లే ఇద్దరిని ఎంపిక చేయాల్సింది ఆ సభే కాబట్టి, అక్కడికి వెళ్లాలనుకున్న ఎన్‌.సి.ఎన్‌.సి. నాయకుడు అజికివేకు దారి మూసుకుపోయింది. దూకకుండా మిగిలిన ఆరో మనిషి అడెగోకే అడెలాబు. యొరూబా అయివుండీ చివరిదాకా ఎన్‌.సి.ఎన్‌.సి.లోనే ఉన్నారు. ఆయన సభలో వాడిన "పిక్యూలియర్ మెస్" అనే ఇంగ్లిషు మాట ఇబాదాన్ జనం నోట "పెంకెలెమెసి" అయి యొరూబాలో నిలిచిపోయింది. వింత గందరగోళం అని అర్థం. అప్పటి రాజకీయానికి అంతకన్నా సరైన పేరు నాకు దొరకలేదు.

అజికివే తూర్పుకు తిరిగి వెళ్లారు. అక్కడ ప్రభుత్వాన్ని నడుపుతున్నది కలబార్‌కు చెందిన, ఎఫిక్ జాతి నాయకుడు ఎయో ఈటా. 1953లో ఆయనను పక్కకు నెట్టారు. పశ్చిమాన తనకు జరిగిన అన్యాయానికి అజికివే పక్షం ఒక చిన్న జాతి నాయకుడి మీద బదులు తీర్చుకున్నట్టయింది. ఇది నాకు మింగుడుపడని ఘట్టం. పెద్ద జాతుల పోరులో నలిగింది ఎప్పుడూ చిన్న జాతులే. 1958లో, చిన్న జాతుల గోడు వినడానికి బ్రిటిష్ వారు వేసిన విల్లింక్ కమిషన్ వాళ్ల భయాలు నిజమేనని ఒప్పుకుంది, కొత్త రాష్ట్రాలు మాత్రం వద్దంది.

ఉత్తరాది భయం వేరు. ముస్లిం ఎమీర్లు ఏలే ఎమిరేట్లలో మిషనరీ బడులను బ్రిటిష్ వారు దూరంగా ఉంచడంతో అక్కడ ఇంగ్లిషు చదువు వెనకబడింది. రైల్వేలో, ఆఫీసుల్లో గుమాస్తాలంతా దక్షిణాది వాళ్లే. తెల్లవాడు వెళ్లిపోతే ఆ కుర్చీలో కూర్చునేది ఎవరో సొకోటో సర్దౌనా అనే బిరుదున్న ఉత్తరాది నాయకుడు అహ్మదు బెల్లోకు తెలుసు. 1953 మార్చి 31న కేంద్ర సభలో యాక్షన్ గ్రూపు సభ్యుడు ఆంథొనీ ఎనహోరో 1956కల్లా స్వపరిపాలన కావాలని తీర్మానం పెడితే, బెల్లో "వీలైనంత త్వరలో" అని సవరణ పెట్టారు. దక్షిణాది సభ్యులు లేచి వెళ్లిపోయారు. లాగోస్ వీధుల్లో జనం ఉత్తరాది సభ్యులను ఎగతాళి చేశారు. ఆ అవమానాన్ని వాళ్లు మరచిపోలేదు. మే నెలలో యాక్షన్ గ్రూపు బృందం కానో వస్తుందనగానే నగరం భగ్గుమంది. దక్షిణాది వాళ్లుండే పేట పేరు సబోన్ గారి, అంటే కొత్తూరు. నాలుగు రోజుల్లో అధికారిక లెక్క ప్రకారమే 36 మంది చనిపోయారు. వస్తామన్నది యొరూబాల పార్టీ, దెబ్బలు ఎక్కువగా తిన్నది ఇగ్బోలు.

1959 ఎన్నికల నాటికి లెక్క ముందే రాసిపెట్టి ఉంది. 312 స్థానాల్లో 174 ఉత్తరానివే. అక్కడి మహిళలకు ఓటు హక్కే లేదు, అయినా సీట్లు జనాభా లెక్కన పంచారు. బెల్లో పార్టీకి 134 వచ్చాయి. ఎన్‌.సి.ఎన్‌.సి. దానితో కలిసింది, అవొలొవో ప్రతిపక్షంలో కూర్చున్నారు. బెల్లో ప్రధాని పదవిని తన సహచరుడు అబూబకర్ తఫావా బలేవాకు వదిలి, తాను కడూనాలో ఉత్తర ప్రాంత ప్రీమియర్‌గానే ఉండిపోయారు. దేశపు ప్రధాని పదవి కన్నా ప్రాంతపు గద్దె పెద్దదని ఆయన లెక్క. 1960 అక్టోబరు 1న జెండా ఎగిరింది.

1966 జనవరి 15న సైనికులు తిరగబడ్డ రోజున బెల్లో కడూనాలో, పశ్చిమ ప్రీమియర్ అకింటోలా ఇబాదాన్‌లో హతమయ్యారు. బలేవాను ఎత్తుకెళ్లి చంపారు. అవొలొవో కలబార్ జైల్లో ఉన్నారు, అజికివే దేశంలో లేరు. ఆ ఏడాదే ఉత్తరాది సబోన్ గారిల్లో వేలమంది ఇగ్బోలను చంపారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు గాయాలతో, చేతికందిన మూటలతో రైళ్లెక్కి తూర్పుకు పారిపోయారు. ఆ రైళ్లు వచ్చి ఆగింది ఎనుగు స్టేషన్లో, ఒకప్పుడు ఉమారు ఆల్తినే మేయరుగా ఉన్న ఊళ్లో.