సందుల లెక్క: బావి అడుగున జల్లెడ, ప్యాకర్

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు వస్తువులు పెట్టాను. ఒకటి, బావిలోంచి పైకి లాగిన స్క్రీన్ ముక్క, అంటే ఇసుకను ఆపి నీటినో చమురునో లోపలికి రానిచ్చే సందుల పైపు. రెండోది, బావిలో పొరలను విడగొట్టే ప్యాకర్ అనే బిరడా రబ్బరును అడ్డంగా కోసిన ముక్క. ఇవాళ నేను చెప్పేదంతా ఈ రెంటి చుట్టూనే. మొదటిదాని పని ఒక సందును ఏళ్ల తరబడి అదే కొలతలో ఉంచడం. రెండోదాని పని ఒక సందును ఏళ్ల తరబడి మూసి ఉంచడం. నీళ్ల బోరైనా, చమురు బావైనా, గ్యాస్ బావైనా కథ ఇదే. ఒకసారి దించాక మన కంటికి కనపడవు, చేతికి అందవు. కాబట్టి పైన ఉన్నప్పుడే సందుల లెక్క తేల్చుకోవాలి.

స్క్రీన్‌ని మనం జల్లెడ అంటాం. ఆ మాట దగ్గరే మొదటి పొరపాటు మొదలవుతుంది. జల్లెడను ఎందుకు ఊపుతాం? ఊపకపోతే పిండి కిందికి దిగదు. కంతకన్నా చిన్న రేణువులు కూడా ఒకదానికొకటి ఆనుకుని కంత మీద వంతెనలా నిలబడిపోతాయి. ఊపితే ఆ వంతెన కూలుతుంది, పిండి జారుతుంది. బావిలో మనకు కావలసింది సరిగ్గా దీనికి తిరగబడిన పని. ఆ వంతెన కట్టుకోవాలి, కూలకూడదు. సందు వెడల్పులో మూడో వంతు ఉన్న రేణువులు కూడా గుంపుగా వస్తే సందు మీద కమానులా నిలవగలవు. అసలు ఇసుకను ఆపేది ఇసుకే. స్క్రీన్ దానికి ఆసరా ఇస్తుంది, అంతే.

ఇది పట్టుబడితే చాలా సంగతులు వాటంతట అవే తేలిపోతాయి. పంపు వేసిన మొదటి కొన్ని నిమిషాలు ఇసుక వచ్చి, తర్వాత నీళ్లు తేటపడటం చాలామంది చూసే ఉంటారు. పంపు వేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ లోపల నీరు ఒక్క ఉదుటున కదులుతుంది. అంటే మనమే జల్లెడ ఊపుతున్నాం. రోజుకు ఇరవైసార్లు ఆగి నడిచే పంపు కన్నా, తక్కువ నీటితో నిలకడగా నడిచే పంపు స్క్రీన్‌ను ఎక్కువ కాలం బతికిస్తుంది. చమురు బావిలో ప్రవాహాన్ని అదుపు చేసే చోక్‌ను ఒక్కసారిగా తెరవకుండా మెల్లమెల్లగా తెరవడం వెనక ఉన్నదీ ఇదే కారణం.

మరి సందు ఎంత ఉండాలి? ఇక్కడ తొందరపడొద్దని నా మనవి. ముందు స్క్రీన్ దిగే లోతులోని ఇసుకను జల్లెడ పట్టి, ఏ సైజు రేణువులు ఎంత శాతం ఉన్నాయో గీత గీయాలి. విడిగా కంకర పోయకుండా, నేలలోని ఇసుకతోనే ఫిల్టర్ కట్టుకోనిచ్చే నీటి బావిలో, ఆ ఇసుకలో సుమారు 40 నుంచి 50 శాతం బయట నిలిచేలా సందు పెడతారు. మిగతా సన్న ఇసుకను మొదట్లోనే గాలితోనో, నీటి జెట్‌తోనో, నీటిని ముందుకూ వెనక్కూ ఊపే సర్జింగ్‌తోనో ఉద్దేశపూర్వకంగా లాగేస్తాం. అప్పుడు స్క్రీన్ చుట్టూ దొడ్డు రేణువుల పొర మిగులుతుంది. బావిని డెవలప్ చేయడం అంటే ఇదే. దీన్ని ఒక పూటలో ముగించి మిషను ఎత్తేస్తే, మిగిలిన పనిని పంపు ఏళ్ల తరబడి చేస్తుంది, తనలో తిరిగే రెక్కలు (ఇంపెల్లర్లు) అరగదీసుకుంటూ.

ఇసుక మరీ సన్నగా, ఒకే సైజులో ఉంటే గ్రావెల్ ప్యాక్, అంటే స్క్రీన్ చుట్టూ కొలిచి పోసే కంకర పొర, తప్పదు. 1974లో సాసియర్ అనే పరిశోధకుడు ప్రయోగాలు చేసి చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నాం. నేల ఇసుక మధ్యస్థ సైజుకు ఐదారు రెట్లున్న గ్రావెల్ తీసుకోవాలి. 0.15 మి.మీ. ఇసుకకు 0.75 నుంచి 0.9 మి.మీ. గ్రావెల్ అన్నమాట. ఆ గ్రావెల్‌ను పట్టి ఉంచే సందు ఉన్న స్క్రీన్ దాని లోపల. ఆరు రెట్లు దాటితే ఏమవుతుందన్నదే నాకు ఆ ప్రయోగాల్లో అన్నిటికన్నా విలువైన పాఠం. ఇసుక వెంటనే బయటికి రాదు. గ్రావెల్ మధ్యలోకి దూరి అక్కడే ఇరుక్కుంటుంది. పైన నీళ్లు తేటగానే ఉంటాయి, దిగుబడి మాత్రం నెలనెలా పడిపోతుంది. ఇసుక కనపడటం లేదు కదా, డిజైన్ బాగుందనుకుంటాం. బావి మాత్రం లోపల్లోపల మూసుకుపోతుంటుంది.

శాంపిల్ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. డ్రిల్లింగ్ నీటితో కొట్టుకొచ్చిన మట్టిని దోసిట్లో పట్టి సంచిలో వేస్తే, సన్న ఇసుక అప్పటికే కడిగేసుకుపోయి ఉంటుంది. గీత దొడ్డుగా కనపడుతుంది, సందు పెద్దదైపోతుంది. ఈ తప్పు నేనూ చేశాను. కోర్, అంటే నేలను చెదరకుండా స్తంభంలా కోసిన ముక్క, తీయకుండా, పైకొచ్చిన మట్టినే నమ్మి సందు తేల్చాను. ఆ బావి నిమిషానికి 1,000 లీటర్లు ఇచ్చేది, లీటరుకు 20 మిల్లీగ్రాముల ఇసుకతో. గాజు గ్లాసులో పట్టి చూస్తే దాదాపు ఏమీ కనపడదు. లెక్క వేయండి. నిమిషానికి 20 గ్రాములు. రోజుకు 10 గంటలు నడిస్తే 12 కిలోలు. ఏడాదికి నాలుగు టన్నుల పైమాటే. ఆ నాలుగు టన్నులు స్క్రీన్ చుట్టూ ఉన్న నేలలోంచే వచ్చాయి. అక్కడ ఏర్పడిన ఖాళీ గుహ ఏదో ఒక రోజు కూలి పైపు మీద పడుతుంది.

ఇప్పుడు ఈ స్క్రీన్ ముక్కను దగ్గరగా చూడండి. నిలువు కడ్డీల చుట్టూ తీగ చుట్టి, తీగ కడ్డీని తాకిన ప్రతి చోటా వెల్డ్ చేస్తారు. తీగ అడ్డుకోత దాదాపు త్రికోణం. వెడల్పు ముఖం బయటికి, సన్న అంచు లోపలికి. దీంతో సందు బయట ఇరుకు, లోపలికి పోయేకొద్దీ వెడల్పు. నోట్లోంచి దూరగలిగిన రేణువు గొంతులో ఇరుక్కునే అవకాశం లేదు. మామూలు పైపుకు రంపంతో కోసిన చీలికలో గోడలు సమాంతరంగా ఉంటాయి కాబట్టి రేణువు మధ్యలో బిగుసుకుంటుంది. పైగా తీగ స్క్రీన్‌లో నీరు దూరే ఖాళీ చాలా ఎక్కువ. నీటి బావుల్లో స్క్రీన్‌లోకి నీరు ప్రవేశించే వేగం సెకనుకు 3 సెంటీమీటర్లు మించకూడదన్నది పాత వాడుక సూత్రం. ఖాళీ ఎక్కువుంటే ఆ హద్దులో ఉండటం తేలిక.

తీగ 2.3 మి.మీ., సందు 0.3 మి.మీ. అనుకుంటే, 10 మీటర్ల స్క్రీన్‌లో సుమారు 3,800 చుట్లు. కడ్డీలు 40 ఉంటే వెల్డు చుక్కలు లక్షన్నర. కొనేవాళ్లు సగటు సందు ఎంతని అడుగుతారు. నేను అడిగేది అన్నిటికన్నా పెద్ద సందు ఎంతని. 3,799 సందులు బాగుండి ఒక్కటి 0.6 మి.మీ. ఉంటే ఇసుక ఆ ఒక్కదాన్నే వెతుక్కుంటుంది. ఫ్యాక్టరీలో సందు కొలిచే పలచని రేకుల ఫీలర్ గేజ్‌తో నాలుగు చోట్ల కొలిచి సంతకం పెట్టడం నాకు సరిపోదు. మొత్తం పొడవునా కెమెరాతో కొలవగలిగే రోజుల్లో ఉన్నాం.

ఈ ముక్కలో బొటనవేలు దూరేంత కన్నం ఉంది, చూశారా. చుట్టూ అంచులు నున్నగా, నాకేసినట్టు ఉన్నాయి. తుప్పు అయితే అంచు గరుకుగా ఉంటుంది. ఇది ఇసుక చెక్కిన కన్నం. అయితే ఆ చోట మొదట్లో సందు పెద్దదేమీ కాదు. మిగతా స్క్రీనంతా మూసుకుపోయింది, ఈ చోటొక్కటే తెరిచి ఉంది. ఖాళీలో 95 శాతం పూడితే మిగిలిన 5 శాతంలో వేగం ఇరవై రెట్లవుతుంది. రేణువు తాకినప్పుడు ఊడే లోహం వేగానికి సుమారు రెండో ఘాతం నుంచి మూడో ఘాతం వరకు పెరుగుతుంది. అంటే 400 రెట్ల నుంచి 8,000 రెట్లు. నీటి బావిలో మొదటి వేగమే తక్కువ కాబట్టి కొంత తట్టుకుంటుంది. గ్యాస్ బావిలో తట్టుకోదు. కన్నం పడ్డ చోట గట్టి లోహం పెట్టాలన్నారు చాలామంది. నా అభిప్రాయం వేరు. మిగతా స్క్రీన్ ఎందుకు పూడిందో ముందు తేల్చాలి. ఈ బావిలో కారణం, స్క్రీన్ దించేటప్పుడు బావిలో ఉన్న డ్రిల్లింగ్ బురద. ఆ బురదను సన్నని జల్లెడలపై వడకట్టకుండానే స్క్రీన్ దించారు. బావి ఉత్పత్తి మొదలుకాకముందే స్క్రీన్ సగం చచ్చిపోయింది.

తుప్పు గురించి క్లుప్తంగా చెబుతాను, కానీ మరచిపోకండి. ఏడాదికి 0.05 మి.మీ. తుప్పు 8 మి.మీ. మందంతో బావి గోడగా నిలిచే కేసింగ్ పైపుకు లెక్కలోకి రాదు. సందుకు మాత్రం రెండు వైపులా గోడలున్నాయి, రెండూ అరుగుతాయి. ఏడాదికి 0.1 మి.మీ. చొప్పున, 0.3 మి.మీ. సందు ఐదేళ్లలో 0.8 అవుతుంది. పైపు నిక్షేపంగా ఉంటుంది, స్క్రీన్ పనికిరాకుండా పోతుంది. ఉప్పు నీటిలో 304 స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా 316ఎల్ నయం. క్లోరైడు, వేడి, హైడ్రోజన్ సల్ఫైడు కలిస్తే అదీ చాలదు, నికెల్ మిశ్రమాలకు పోవాలి. దీనికి తిరగబడిన జబ్బు పొలుసు కట్టడం. స్క్రీన్ దగ్గర ఒత్తిడి పడగానే నీటిలోని కార్బన్ డయాక్సైడు విడిపోయి సున్నపు పొర పేరుకుంటుంది. ఇనుము తినే సూక్ష్మజీవులు జిగురు కడతాయి. అప్పుడు యాసిడ్ పోయాలి. అంటే తీగతో పాటు పక్కనున్న రబ్బరు కూడా ఆ యాసిడ్‌ను తట్టుకోవాలి. ఈ రెంటినీ వేర్వేరు బల్లల మీద డిజైన్ చేయొద్దని నేను పోరు పెట్టేది ఇందుకే.

ఇక ప్యాకర్. బావిలో ఒక పొరను ఇంకో పొర నుంచి విడగొట్టేది ఇదే. పైన ఉప్పు నీరు, కింద మంచి నీరు ఉండొచ్చు. పైన గ్యాస్, కింద చమురు ఉండొచ్చు. రబ్బరును పైనా కిందా నొక్కితే పక్కలకు ఉబ్బి గోడకు అతుక్కుంటుంది. రబ్బరు వంగుతుంది, సాగుతుంది, కానీ ఘనపరిమాణం దాదాపు తగ్గదు. డిజైన్ అంతా ఈ గుణం మీదే నడుస్తుంది. లోపలి గొట్టం 150 మి.మీ., రబ్బరు బయటి వ్యాసం 210, కేసింగ్ లోపలి వ్యాసం 220 అనుకోండి. 300 మి.మీ. పొడవున్న రబ్బరు గోడను తాకడానికే 250కి కుంగాలి. అదే గోడ అరిగి 230 అయితే 213కి కుంగాలి. కేవలం 10 మి.మీ. తేడాకు కుంగుబాటు 50 నుంచి 87కు పెరిగింది. రబ్బరును నొక్కే సెట్టింగ్ పిస్టన్‌కు అంత దూరం జరిగే జాగా ఉందా? ఉన్నా, అంత కుంగిన రబ్బరు వేడికి, ఒత్తిడికి పక్క సందులోంచి పేస్టులా జారిపోదా? అందుకే రెండు చివరలా రబ్బరు జారకుండా ఆపే బ్యాకప్ రింగులు పెడతాం. రబ్బరు పగలడం కన్నా ముందు, రింగుకూ గోడకూ మధ్య మిగిలిన సందులోంచి జారడమే నేను ఎక్కువ చూశాను.

రబ్బరు ఎంపికలో అన్నిటికీ పనికొచ్చేది ఒక్కటీ లేదు. నైట్రైల్ చవక, చమురుకు మంచిది, సుమారు 120 డిగ్రీల పైన గట్టిపడి పెళుసవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడు దానికి పడదు. ఫ్లోరో రబ్బరు దాదాపు 200 డిగ్రీలు ఓర్చుకుంటుంది. కానీ పైపులు తుప్పు పట్టకుండా మనమే పోసే అమీన్ మందులు దాన్ని తింటాయి. ఒకరు పైపును కాపాడటానికి పోసిన మందు, ఇంకొకరు పెట్టిన రబ్బరును చంపుతుంది. ఇద్దరూ ఒకే బావికి పనిచేస్తున్నారు.

ఈ కోసిన ముక్క లోపల చూడండి, బయట ఒక్క గీత లేదు, లోపల మాత్రం కంటిపాప ఆకారంలో చీలికలు. గ్యాస్ ఒత్తిడిలో రబ్బరులోకి ఇంకిపోయింది. పైన ఒక్కసారిగా ఒత్తిడి వదిలేశారు. లోపలి గ్యాస్‌కు బయటికి రావడానికి తీరిక లేక అక్కడే ఉబ్బి చీల్చింది. బయట నుంచి చూసి పాసైందని రాసిన రబ్బరు ఇది. ఐఎస్‌ఓ 14310 అనే ప్యాకర్ల ప్రమాణంలో వీ0 అనే అత్యంత కఠినమైన తరగతి ఉంది. అందులో ఒక్క గ్యాస్ బుడగ కూడా కారకూడదు. గొప్ప పరీక్షే. అయినా అది నున్నటి, గుండ్రటి పైపులో జరిగే పరీక్ష. మీ బావి గోడ అండాకారంలో, గీతలు పడి ఉందా అన్నది మీరు కొలుచుకోవాలి.

వేడి మార్పు ఇంకో శత్రువు. కేసింగ్ లోపల చమురునో గ్యాస్‌నో పైకి తెచ్చే ఉక్కు గొట్టాన్ని ట్యూబింగ్ అంటాం. 2,000 మీటర్ల ట్యూబింగ్ సగటున 40 డిగ్రీలు చల్లబడితే సుమారు 96 సెంటీమీటర్లు కుదించుకుపోతుంది. రెండు చివరలూ బిగించి ఉంటే, మూడున్నర అంగుళాల మామూలు ట్యూబింగ్‌లో దాదాపు 16 టన్నుల లాగుడు ప్యాకర్ మీద పడుతుంది. చల్లటి నీళ్లు లోపలికి పంపిన రోజే ప్యాకర్ ఊడిందంటే ఆశ్చర్యం లేదు. గాలితోనో నీటితోనో ఉబ్బించే ప్యాకర్‌కైతే చల్లబడగానే లోపలి ఒత్తిడే పడిపోతుంది. చమురునో నీటినో పీల్చి తనే ఉబ్బే రబ్బరుకు కదిలే భాగాలు లేవు, అందుకే నాకు ఇష్టం. దానికి ఓపిక కావాలి. మందం రెట్టింపైతే ఉబ్బడానికి పట్టే కాలం నాలుగు రెట్లు. అది ఉబ్బకముందే ఒత్తిడి పెట్టిన తొందరపాటును చూసి బాధపడ్డాను.

ప్యాకర్ కారితే పొరలు కలవడంతో ఆగదు. స్క్రీన్‌కూ నేలకూ మధ్య ఉన్న ఖాళీలో నీరు నిలువుగా పారుతుంది. ఆ పారకంలో గ్రావెల్ కొట్టుకుపోతుంది, ఇసుక కమానులు కూలతాయి, ఒక్క చోట స్క్రీన్ బట్టబయలవుతుంది. తర్వాత ఏమవుతుందో ఈ కన్నం చెబుతోంది. నీటి బావిలోనూ ఇంతే. గ్రావెల్ పైన తడిస్తే ఉబ్బే బెంటొనైట్ మట్టి సరిగా కూరకపోతే పై పొరల మురికి పైపు వెంబడే కిందికి దిగుతుంది. ఎంత ఖరీదైన స్క్రీనైనా దాన్ని ఆపలేదు, ఎందుకంటే ఆ మురికి ఇసుక రేణువు కాదు, చాలావరకు నీటిలో కరిగి ఉంటుంది.

మిమ్మల్ని ఒకటే అడుగుతాను. ప్రతి బావికీ అదే లాటులోని స్క్రీన్ ఒక అడుగు, అదే బ్యాచ్ రబ్బరు ఒక రింగు దాచండి. ఇసుక గీత, నీటి పరీక్ష, బావి లోపలి వ్యాసం కొలిచిన కాలిపర్ లాగ్ అదే పెట్టెలో పెట్టండి. పైన బావి నంబరు, దించిన తేదీ రాయండి. ఎనిమిదేళ్లకు బావి మొరాయిస్తే కొలవడానికి మీ దగ్గర ఒక కొత్త సందు ఉంటుంది, దాని పక్కన పెట్టడానికి ఒక పాత సందు వస్తుంది. ఈ రెండు ముక్కలూ బల్ల మీదే ఉంటాయి. ఫీలర్ గేజ్ కూడా ఉంది. ముందు వరసతో మొదలుపెట్టి చేతిలోకి తీసుకుని చూడండి, ప్రశ్నలు ఆ తర్వాత.