బోరు ఉన్న ఇల్లు కొంటున్నారా? ముందు రెండు గంటలు మోటారు వేయించండి

[తెరపై: ఇంటి పక్కన బోరు, కేసింగ్ పైపు, స్టార్టర్ పెట్టె]

నమస్తే. "నీళ్లకు కొదవ లేదండీ, బోరు ఉంది" అని ఇల్లు అమ్మేవాళ్లు వంటింటి కుళాయి తిప్పి చూపిస్తారు. ఆ వచ్చేవి మేడ మీద ట్యాంకులో నీళ్లు. ట్యాంకర్ తెప్పించి నింపినా అంతే ధారగా వస్తాయి. మీరు చూడాల్సింది బోరు నుంచి నేరుగా వచ్చే పైపు.

తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. అందుకే పక్కింటి బోరు నిండుగా పోస్తున్నా, మీరు చూస్తున్న ఇంట్లో చుక్క రాకపోవచ్చు. "వెయ్యి అడుగులు వేశామండీ" అంటే సంబరపడకండి. పైన నీళ్లు పడకే అంత లోతుకు పోయి ఉండొచ్చు. నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయి, కేసింగ్ (బోరు పైభాగం కూలకుండా దించే పైపు) ఎంతవరకు దించారు, లోపల మోటారు ఎంత లోతులో ఉంది అని అడగండి. బోరు వేసినప్పటి బిల్లు దాచి ఉంటే చూపించమనండి.

[తెరపై: 200 లీటర్ల డ్రమ్ము, పక్కన ఫోన్‌లో స్టాప్‌వాచ్]

ఇక అసలు పరీక్ష. బోరు పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి మోటారు వేయించండి. నాలుగు నిమిషాల్లో నిండితే నిమిషానికి 50 లీటర్లు వస్తున్నట్టు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్క వేస్తారు. ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు. అంటే పావుగంటలోపే సరిపోయినట్టు కనిపిస్తుంది.

చాలామంది ఇక్కడే మోసపోతారు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు దాదాపు ఆరున్నర లీటర్లు నిలవ ఉంటాయి. మోటారు పైన 200 అడుగుల మేర నీళ్లు నిలబడి ఉంటే అవే 1,300 లీటర్లు. నిమిషానికి 50 చొప్పున తోడితే, కొత్తగా ఒక్క చుక్క ఊరకపోయినా, 26 నిమిషాల దాకా ధార ఆగదు! కాబట్టి పదినిమిషాలు చూసి వచ్చేయకండి. రెండు గంటలు ఆపకుండా నడిపించి, అరగంటకోసారి డ్రమ్ము నింపి టైము రాసుకోండి. ధార సన్నబడుతోందా, మధ్యలో గాలి కొడుతోందా, ఇసుకో బురదో వస్తోందా చూడండి. తర్వాత మోటారు ఆపి, గంట ఆగి మళ్లీ వేయించండి. ఎంత వేగంగా ఊరుతున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఈ పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో చేస్తే మంచిది. వానాకాలంలో చూస్తున్నారా? అయితే వీధి చివర కిరాణా కొట్టులో అడగండి, ఎండాకాలం ఈ గల్లీలోకి ట్యాంకర్లు వస్తాయా అని. ఆ జవాబును నేను అమ్మేవాళ్ల మాటకంటే ఎక్కువ నమ్ముతాను. "తగ్గితే కొత్త బోరు వేసుకుందాంలే" అనే ధీమా వద్దు. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం దానికి అనుమతి తీసుకోవాలి, నీళ్లు పడతాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

[తెరపై: ల్యాబ్‌కు ఇచ్చే నీటి సీసా]

నీళ్లు ఉంటే చాలదు, తాగగలగాలి. నల్గొండ జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని మనం చూశాం. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు. మరగబెడితే పోదు, పైగా నీరు ఆవిరై దాని గాఢత పెరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే గతి లేనిచోట 1.5 వరకు అన్నది మన దేశ ప్రమాణం. ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం), కాఠిన్యం, ఈ-కోలి (మురుగు కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) పరీక్షలన్నీ చేయించండి. చిన్న టీడీఎస్ మీటరు చూపించి "బాగున్నాయి" అంటే ఒప్పుకోవద్దు, అది ఫ్లోరైడ్‌ను విడిగా చూపలేదు. సముద్ర తీరంలో కొంటుంటే ఉప్పదనం కూడా చూడాలి. ఎక్కువగా తోడేకొద్దీ ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తుంది.

సెప్టిక్ ట్యాంకు ఎటువైపుందో కొలిచి చూడండి, పక్కింటివాళ్లది కూడా. కనీసం 50 అడుగుల దూరం ఉంటే మంచిది. పాత ఇళ్లలో చేదబావి ఉంటే వరలు పగిలాయా, వాన మురుగు లోపలికి దిగుతోందా చూడండి. పూడ్చేసిన బావి మీద గది కట్టారేమో ఊరి పెద్దవాళ్లను అడగండి. సరిగా పూడ్చకపోతే నేల కుంగి గోడలు చీలతాయి.

[తెరపై: మూత లేని పాత బోరు నోరు]

ఎండిపోయిన పాత బోరు ఉందా? దయచేసి దీన్ని వదిలేయకండి. ఇలాంటి గొట్టాల్లో పడి ఎంతమంది పిల్లలు పోయారో మీకు తెలుసు. వాడని బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో నింపాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్‌కు ముందే అమ్మేవాళ్లతో పూడ్పించండి.

[తెరపై: అగ్రిమెంటు కాగితం]

చివరగా కాగితాలు. బోరు మీ హద్దుల్లోనే ఉందా, అన్నదమ్ముల ఉమ్మడి బోరా, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది అన్నవి తేల్చుకోండి. ఉమ్మడిదైతే ఎవరికి ఏ పూట నీళ్లు, మోటారు కాలితే ఖర్చు ఎవరిది అన్నది రాయించుకోండి. బోరు, మోటారు, స్టార్టర్, పైపులు అమ్మకంలో భాగమని అగ్రిమెంటులో ఉండాలి. నీటి పరీక్ష రిపోర్టు చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.