ఇంటి పన్ను మీద కోపం సరే, మిగతా పన్నుల సంగతేమిటి?

సభకు నమస్కారం.

ఇంటి పన్ను గురించి మాట్లాడటానికి గ్రంథాలయం తగిన చోటే. మీరు కట్టే ప్రతి రూపాయి ఆస్తి పన్నుకు ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలైన ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు ఎంత ఆలస్యంగా చేరుతుందన్నది వేరే గొడవ. దాన్ని కదిపితే ఈ సాయంత్రం చాలదు.

ఇంటి పన్నును తిట్టినంతగా మనం మరే పన్నునూ తిట్టం. జీతం మీద పన్ను చేతికి రాకముందే కోసేస్తారు. జీఎస్‌టీ సబ్బు ధరలో కలిసిపోతుంది. ఇంటి పన్ను మాత్రం డిమాండ్ నోటీసు పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది. ఎదురుగా కనబడుతుంది కాబట్టి కడుపు మండుతుంది. నేను మాత్రం దాని తరఫునే వాదిస్తాను. మన పన్నులన్నిటిలో న్యాయానికి బాగా దగ్గరగా ఉండాల్సింది ఇదే. చెడిందల్లా లెక్కగట్టే తీరు.

ముందు సబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, సంతోషం. అయినా ఇల్లు ఊడ్చే మనిషీ, ఆ ఇంటి యజమానీ కట్టేది అదే 5 శాతం. కొనేవాడి స్తోమతు ఆ పన్నుకు తెలియదు.

ఇప్పుడు నేల సంగతి. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలో ప్రభుత్వ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ నేలకు అంత విలువ ఎవరు తెచ్చారు? పక్కనే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేశారు, నీళ్లు, కరెంటు తెచ్చారు, చుట్టుపక్కల కంపెనీలు వచ్చాయి. అక్కడ సొంతంగా స్థలం ఉన్నవారు చేసిన పనల్లా అమ్మకుండా కూర్చోవడం. ఊరంతా కలిసి పెంచిన విలువలో ఏటా కొంత ఊరికి తిరిగి ఇమ్మనడం కంటే న్యాయమైన కోరిక ఏముంటుంది? పైగా ఆదాయాన్ని దాచవచ్చు, బంగారాన్ని దాచవచ్చు, నాలుగంతస్తుల మేడను బీరువాలో పెట్టలేం.

ఇదే ఆస్తి మీద మనం ఇష్టంగా వసూలు చేసే పన్ను మరొకటుంది, స్టాంపు డ్యూటీ. రిజిస్ట్రేషన్ రుసుముతో కలిపి రెండు రాష్ట్రాల్లోనూ సుమారు ఏడున్నర శాతం. 60 లక్షల ఫ్లాటు కొంటే నాలుగున్నర లక్షలు ఒకేసారి కక్కాలి. ఉద్యోగరీత్యా ఊరు మారి, ఉన్న ఇల్లు అమ్మి మరోచోట కొనుక్కునేవాడు అప్పు చేసి ఇది కడతాడు. తాత ఇచ్చిన స్థలం మీద నలభై ఏళ్లుగా కదలకుండా ఉన్నవాడిని అడిగేవాడు లేడు. చనిపోయినవారి ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు, సంపద పన్నును 2015లో ఎత్తేశారు. వాటిని వసూలు చేయడం కష్టమన్న మాట నిజమే. అయితే ఆ తరువాత స్థిరాస్తి మీద ఏటేటా మిగిలింది ఈ మునిసిపల్ పన్ను ఒక్కటే, అదీ నామమాత్రం. బెంగళూరు, జైపూర్ నగరాలు రావాల్సిన ఆస్తి పన్నులో 5 నుంచి 20 శాతానికి మించి రాబట్టడం లేదని 2016-17 ఆర్థిక సర్వే ఉపగ్రహ చిత్రాలతో అంచనా వేసింది.

ఇక లెక్కలోని తప్పు. హైదరాబాద్‌లో నివాస గృహాల శ్లాబులు చూడండి. ఇంటికి ఎంత అద్దె రావచ్చో కార్పొరేషన్ వేసే లెక్కే అద్దె విలువ. అది నెలకు 50 రూపాయల లోపైతే పన్ను లేదు. 51 నుంచి 100 దాకా 17 శాతం, 200 దాకా 19, 300 దాకా 22, ఆపైన 30 శాతం. మూడు వందల రూపాయలండీ! వెయ్యి అడుగుల ఇంటికి అడుగుకు రూపాయి వేసినా నెలకు వెయ్యి అవుతుంది. అంటే ఆ వెయ్యి అడుగుల ఇల్లూ, జూబ్లీహిల్స్ భవంతీ ఒకే 30 శాతం శ్లాబులో పక్కపక్కన నిలబడతాయి. ఉన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకోవాలని రాసుకున్న మెట్లు కాగితం మీదే మిగిలాయి. దీనికి తోడు కట్టడం పాతబడిందని తగ్గింపు ఒకటి. గోడలు పాతబడతాయి సరే, కింది నేల ముసలిదవుతుందా?

ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం సవరించి అద్దె విలువ వదిలి మూలధన విలువకు, అంటే రిజిస్ట్రేషన్ కార్యాలయం లెక్కలోని ఆస్తి ధరకు మారింది. ఏటా పెంపు 15 శాతం దాటకూడదని కళ్లెం వేసింది. రాష్ట్రాలు తెచ్చుకునే అదనపు అప్పుకు కేంద్రం ఈ సంస్కరణను షరతుగా పెట్టడం కూడా ఇందుకు కారణం. జనం మండిపడ్డారు. నా మటుకు దారి సరైనదే. కానీ రిజిస్ట్రేషన్ కార్యాలయం విలువ వీధికీ వీధికీ పొంతన లేకుండా ఉన్నంతకాలం ఈ కొత్త లెక్కా వంకరగానే ఉంటుంది.

“పింఛను మీద బతికే ముసలావిడ కోటి రూపాయల ఇంట్లో ఉంటే ఆమె పన్ను ఎక్కడి నుంచి తేవాలి?” అని అడుగుతారు. సరైన ప్రశ్న. కాలిఫోర్నియా దీనికి 1978లో తప్పు జవాబు చెప్పింది. ఇల్లు అమ్మేదాకా పన్ను విలువ ఏటా 2 శాతానికి మించి పెరగరాదన్నారు. ఫలితంగా ఒకేరకం ఇళ్లలో కొత్తగా కొన్నవాళ్లు పాత పొరుగువారికి అయిదు రెట్లు కట్టిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1992లో ఆ పద్ధతి చెల్లుతుందనే తీర్పు వచ్చింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్న మన పిల్లలను అడగండి, బాధ తెలుస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాది మెరుగైన జవాబు. 55 ఏళ్లు దాటినవారు పన్నును వాయిదా వేసుకోవచ్చు. బాకీ ఇంటి మీద ఉంటుంది, ఇల్లు చేతులు మారినప్పుడు తీరుతుంది. ముసలావిడను కదిలించక్కర్లేదు, వారసులకు ఊరికే వదిలేయక్కర్లేదు.

నా దృష్టిలో మొదట చేయాల్సింది ఖాళీ స్థలాల పని. వాటి మీదా పన్ను ఉంది, హైదరాబాద్‌లో విలువలో అర శాతం. చాలాచోట్ల అది గుర్తొచ్చేది యజమాని ఇల్లు కట్టుకునే అనుమతికి వచ్చినప్పుడే. కట్టకుండా ధర కోసం కాచుకుని కూర్చున్నవాడికి నోటీసే వెళ్లదు. మీ వార్డులో అలాంటి స్థలాలెన్ని, వాటిలో ఎన్నింటికి పన్ను జాబితాలో చేరినట్టు చూపే అసెస్‌మెంట్ నంబరు ఉందన్న లెక్క సమాచార హక్కు కింద అడగవచ్చు. దరఖాస్తు ఎలా రాయాలో కావాలంటే ఇప్పుడే మాట్లాడుకుందాం. ఇక ప్రశ్నలు అడగండి.