మృగశిరకు ముందే చెప్పుకోవాల్సిన మాట

(మే నెలలో ఒక గ్రామ మత్స్య సహకార సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సర్పంచ్ గారికి, సంఘం అధ్యక్షులకు, హెడ్‌మాస్టర్ గారికి, ఈ చెరువును నమ్ముకుని బతుకుతున్న అన్నలకు, తట్టలెత్తుకుని ఊరూరా చేపలు అమ్మే అక్కలకు నమస్కారం. పిల్లలూ, వెనక నిలబడకండి, ముందుకొచ్చి కూర్చోండి. సెలవులైనా మిమ్మల్ని పిలిపించమని అడిగింది నేనే.

నన్ను చేపల పెంపకం గురించి మాట్లాడమన్నారు. ఎవరూ పెంచకుండానే మన చెరువులో పెరిగే చేపల గురించి మాట్లాడతాను. 2016 నుంచి మన తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. మంచి పనే. కానీ బొచ్చె, రోహు, మృగాల నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి నది వరద కావాలి. అందుకే మళ్లీ మళ్లీ తెచ్చి వదలాల్సి వస్తుంది. మరి బుడ్డపరకలకు, జెల్లలకు, మట్టగిడసలకు ఏ లారీ వస్తుంది? అవి ఇక్కడే పుట్టాలి. ఇక్కడ పుట్టడం ఆగిపోతే వాటి కథ ఇక్కడితో సరి.

ఇప్పుడు పంచాంగం చూడండి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు చేప తినని ఇల్లుండదు. హైదరాబాద్ నాంపల్లిలో చేపమందు కోసం వేల మంది బారులు తీరతారు. ఆ మందు పెట్టి మింగించేది కూడా కొర్రమీను పిల్ల నోట్లోనే. మృగశిరకు చేప తినొద్దని నేను చెప్పను, మా ఇంట్లోనూ వండుకుంటాం. కానీ సరిగ్గా అప్పుడే చాలా చేపలు కడుపుతో ఉంటాయి. తొలి వానలకు ఒర్రెలు పారగానే, చెరువు నిండి మత్తడి మీదుగా నీళ్లు దుంకగానే అవి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. మనం అక్కడే నిలబడి వాటిని పట్టేస్తాం. వలలు, బుట్టలు, దోమతెరలు, చివరికి చీరలు కూడా. ఎదురెక్కే చేపకు పక్కకు పోయే దారి ఉండదు కాబట్టి పట్టడం సులువు. అందుకే అది తప్పు.

కొర్రమీను సంగతి వినండి. మన తెలంగాణ రాష్ట్ర చేప అది. ఆడదీ మగదీ కలిసి నాచు పక్కకు తోసి గూడు చేస్తాయి. గుడ్లు నీటిమీద తేలతాయి. పిల్లలు బయటికొచ్చాక ఎర్రగా, గుంపుగా, గాలి కోసం పైకీ కిందికీ ఆడుతూ తిరుగుతాయి. వాటి కింద తల్లో తండ్రో కావలి ఉంటుంది. ఆ ఎర్రటి గుంపు కనిపిస్తే గాలం వేసేవాళ్లున్నారు. ఆకలి లేకపోయినా పిల్లల దగ్గరికి ఏదో వచ్చిందని ఆ చేప ఎగబడి కొరుకుతుంది, చిక్కుతుంది. కావలి పోయిన పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి. మీరు పట్టింది ఒక్క చేప కాదు, ఒక పూర్తి కాన్పు.

మా నాయన ఇదే చెరువు మీద బతికారు. ఆయన తోటివాళ్లలో ఒక పెద్దాయన ఉండేవారు. పిల్లల గుంపు కనిపించిన చోట ఒక కర్ర పాతి, దానికి గుడ్డ కట్టేవారు. ఆ కర్ర దగ్గర ఎవరు వల విసిరినా ఊరుకునేవారు కాదు. ఒకసారి ఆయన సొంత అల్లుడు గాలం వేస్తే అందరి ముందూ గాలం విరిచి, వానాకాలం అయిపోయేదాకా అతన్ని చెరువులో దిగనివ్వలేదు. కూతురు ఏడ్చినా వినలేదు. ఆయన బడికి వెళ్లలేదు. నేను పుస్తకాల్లో చదివి పిల్లలకు చెప్పిన జీవశాస్త్రం ఆయన కర్రతో చెప్పారు. కొత్త పథకాలు కావాలని అడిగేముందు ఆ కర్రను మళ్లీ తెచ్చుకోవాలని నా కోరిక.

నా బాధ కూడా చెప్పుకోవాలి. నవంబరు 21న ప్రపంచ మత్స్య దినోత్సవం. పట్నంలో ఒక అవగాహన సదస్సుకు పిలిస్తే వెళ్లాను. గోడ నిండా తిమింగలం, సొరచేప బొమ్మలు. చేపలు అమ్మే అక్కలు చివరి వరసలో కూర్చున్నారు, వాళ్లను ఒక్క మాట అడగలేదు. ఏ చెరువు నుంచి వచ్చే చేపలో గుడ్లున్నాయో, ఏ చేప రావడం తగ్గిందో రోజూ కత్తి పట్టి కోసే ఆ అక్కలకే కదా తెలిసేది! పైగా నవంబరులో! అప్పటికి మత్తడి ఆగిపోతుంది, గుడ్ల కాలం ముగిసిపోతుంది. విత్తనం వేసే మాట కోతలప్పుడు చెబితే ఎవరికి ఉపయోగం? అందుకే ఈ సభ మే నెలలో పెట్టమని పట్టుబట్టాను.

వలసపోయే మంచినీటి చేపల మీద ప్రపంచవ్యాప్తంగా లెక్కలు తీస్తే, 1970 నుంచి 2020 మధ్య సగటున 81 శాతం తగ్గుదల కనిపించింది. మన జెల్లల లెక్క మనం రాసిపెట్టుకోలేదు. పిల్లలూ, ఈ పని మీది. నోటుబుక్కులో చెరువు చేపల పేర్లు రాయండి. అమ్మమ్మను, తాతను అడిగి ఇప్పుడు కనిపించనివి కూడా రాయండి. ఇంకో మాట. ఇంట్లో అక్వేరియం చేప పెద్దదైతే తెచ్చి చెరువులో వదలకండి. దెయ్యం చేప, అదే సక్కర్ చేప, అలాగే వచ్చింది. ముళ్లతో వలలు చీలుస్తుంది, గట్లు తొలుస్తుంది, కూరకు ఎవరూ కొనరు.

అన్నలారా, విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడం నేరమని 1897లోనే చట్టం వచ్చింది. పురుగుమందు పోసేవాళ్లను, బ్యాటరీ తీగలు పెట్టేవాళ్లను పట్టుకోవడానికి జీపు వచ్చేసరికి చెరువు ఖాళీ అవుతుంది. కట్ట మీద ఉండేది మీరే. శృంగేరిలో తుంగ నది మెట్ల దగ్గర పెద్ద పెద్ద చేపలు మనుషుల కాళ్ల పక్కనే తిరుగుతాయి, ఎవరూ వల వేయరు. భక్తి కొద్దీ అక్కడ అది జరుగుతోంది. బతుకుదెరువు కొద్దీ మనం చేయలేమా?

బొచ్చె, రోహు పట్టుకోండి, అది మీ హక్కు. మత్తడి దుంకిన రోజు నుంచి కొన్నాళ్లు మాత్రం ఎదురెక్కే చేపను వదిలేయండి. ఎన్నాళ్లు, మత్తడికి ఎంత దూరం దాకా అన్నది నేను చెబితే నిలవదు. అధ్యక్షులు గారూ, ఈ మైకు మీకిస్తున్నాను. సభ్యులందరూ ఇక్కడే ఉన్నారు, రిజిస్టరు కూడా బల్ల మీదే ఉంది. తీర్మానం ఇప్పుడే రాయించండి.