సగం ధరకు బ్రాడ్‌వే నాటకం: ఎర్ర మెట్ల కింది కౌంటరు రివ్యూ

నమస్కారం. నా వెనక ఆ ఎర్ర మెట్లు కనిపిస్తున్నాయి కదా, ఫొటోల కోసం వాటిని ఎక్కేవారే ఎక్కువ. ఈరోజు మన పని మెట్ల మీద కాదు, వాటి కింద. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని టీకేటీఎస్ కౌంటరు ఇది. బ్రాడ్‌వే అంటే ఈ చుట్టుపక్కల ఉన్న పెద్ద నాటకశాలల పేట. అక్కడ ఆ రోజు ఆడే నాటకాలకు మిగిలిన టికెట్లను ఇక్కడ ధర తగ్గించి అమ్ముతారు. 1973 నుంచి నడుస్తోంది. నడిపేది థియేటర్ డెవలప్‌మెంట్ ఫండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ.

సగం ధరకు ఇస్తున్నారంటే ఏదో మతలబు ఉండే ఉంటుందని మా ఇంట్లోనే అన్నారు. ఏమీ లేదు. ఈరోజు అమ్ముడుపోని చీరను రేపు అమ్ముకోవచ్చు. ఈరోజు ఆటకు మిగిలిపోయిన కుర్చీని రేపు ఎవరికి అమ్ముతారు? తెర లేచిందంటే దాని విలువ సున్నా. నటులకు, వాద్యబృందానికి అయ్యే ఖర్చు మాత్రం హాలు నిండినా నిండకపోయినా ఒకటే. అందుకే ఎంతో కొంతకు ఇచ్చేస్తారు.

ఇక కౌంటరు సంగతి. పైన బోర్డు మీద నాటకాల పేర్లు, పక్కన తగ్గింపు శాతం కనిపిస్తాయి. సాధారణంగా 20 నుంచి 50 శాతం. కౌంటరు తెరవకముందే వచ్చి నిలబడేవాళ్లను చూసి కంగారు పడకండి. థియేటర్లు టికెట్లన్నీ ఒకేసారి వదలవు, ఆట సమయం దగ్గరపడేకొద్దీ కొత్తవి వస్తూనే ఉంటాయి. నేను ఒకసారి మధ్యాహ్నం గంటకు పైగా నిలబడ్డాను, మరోసారి సాయంత్రం ఆలస్యంగా వెళ్లి ఇరవై నిమిషాల్లో పని ముగించుకున్నాను. రెండోసారి దొరికిన సీటే బాగుంది!

పాటలు లేని నాటకాలకు ఇక్కడ విడిగా ఒక కిటికీ ఉంది. వరుస చాలా చిన్నది. అందరూ సంగీత నాటకాల కోసం ఎగబడుతుంటే, గొప్ప నటులు మాటలతోనే హాలును కట్టిపడేసే నాటకాలకు ఇటు వైపు జనమే ఉండరు. ఇంగ్లీషు సంభాషణ వేగంగా సాగినా అందుకోగలరనుకుంటే మాత్రం నేరుగా ఆ కిటికీకే వెళ్లండి.

లోపం చెప్పకపోతే రివ్యూ ఎందుకు? ఊరంతా మాట్లాడుకునే నాటకం ఈ బోర్డు మీద కనబడటం అరుదు. హాలు ఎలాగూ నిండుతుంటే తగ్గించాల్సిన అవసరం వాళ్లకేముంది? కాబట్టి ‘ఫలానా నాటకమే చూడాలి’ అనే పట్టుదల ఉన్నవారికి ఈ కౌంటరు పనికిరాదు. ‘ఏదో ఒక మంచి నాటకం చూద్దాం’ అనుకునేవారికి ఐదుకు నాలుగు మార్కులు.

ఆ ఫలానా నాటకమే కావాలనేవారికి లాటరీ ఉంది. దీని వెనక ఒక ముచ్చట. 1996లో ‘రెంట్’ నాటకానికి మొదటి రెండు వరుసల సీట్లు 20 డాలర్లకే అమ్మారు. కుర్రకారు వాటి కోసం రాత్రంతా వీధిలోనే పడుకోవడం మొదలుపెట్టేసరికి, పేర్లు రాసి చీటీలు తీసే పద్ధతికి మారారు. తర్వాత ‘హామిల్టన్’ నాటకం వాళ్లు లాటరీ టికెట్టుకు 10 డాలర్లే పెట్టారు. పది డాలర్ల నోటు మీద ఉన్న బొమ్మ ఆ నాటక కథానాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్‌దే మరి. ఇప్పుడు లాటరీలు చాలావరకు ఫోనులోనే జరుగుతాయి. పేరు ఇవ్వడానికి డబ్బు కట్టక్కర్లేదు. గెలిస్తే ఇచ్చిన గడువులోగా డబ్బు కట్టాలి, లేదంటే చేజారిపోతుంది. నేను ఎన్నిసార్లు పేరు ఇచ్చానో లెక్క లేదు, గెలిచింది ఒక్కసారి. నాలుగు రోజులు ఉండి వెళ్లిపోయేవారు దీన్నే నమ్ముకోవద్దు.

పొద్దున్నే లేవగలిగితే రష్ టికెట్లు ప్రయత్నించండి. థియేటరులోనే టికెట్లు అమ్మే కిటికీ, అంటే బాక్సాఫీసు, తెరవగానే ఆ రోజుకు కొన్ని సీట్లను చవకగా ఇస్తారు, ముందు వచ్చినవారికి ముందు. అన్ని నాటకాలకూ ఉండవు, అడిగి తెలుసుకోవాలి.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. మొదటిసారి వచ్చినప్పుడు ఫోనులో వెతికి, అన్నిటికంటే పైన వచ్చిన సైటులో కొనేశాను. అది థియేటరు వారిది కాదు, టికెట్లు కొని తిరిగి అమ్మేవారిది. హాల్లో పక్క సీటాయనను ఎంతకు కొన్నారని అడిగాను, అడగకుండా ఉండాల్సింది. నేను కట్టినదాంట్లో సగం! మొదటి అంకమంతా వేదిక మీద ఏం జరిగిందో నాకు గుర్తులేదు.

2025 మే నుంచి అమెరికాలో, తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తం ధరను టికెట్లు అమ్మేవారు ముందే చూపించాలి. మంచిదే. కానీ రుసుము కనబడినంత మాత్రాన తగ్గదు కదా. ఆన్‌లైన్ సేవా రుసుము తప్పించుకోవాలంటే థియేటరు బాక్సాఫీసుకు నడిచివెళ్లి కొనండి. సీటు ముందు స్తంభం ఏమైనా అడ్డు వస్తుందా అని కూడా అక్కడే మనిషిని అడగవచ్చు.

లండన్ వెళ్లేవారికి లెస్టర్ స్క్వేర్‌లో 1980 నుంచి ఇలాంటి కౌంటరే ఉంది. అదే ఊళ్లోని గ్లోబ్ థియేటరులో వేదిక ముందు, పైకప్పు లేని చోట నిలబడి చూసే టికెట్లు చాలా చవక. కానీ కూర్చోనివ్వరు, వాన వస్తే గొడుగు తెరవనివ్వరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లి తిట్లు తినకండి.

అదిగో, బోర్డు మీద ఇప్పుడే రెండు కొత్త పేర్లు వెలిగాయి, ఒకదాని పక్కన 50 శాతం ఉంది. కెమెరా ఆపేస్తున్నాను, వరుసలో నిలబడాలి.