నైట్ విజన్ గాగుల్స్‌లో డిఫ్రాక్టివ్ లెన్స్: ఐపీస్‌కి సరే, ముందు లెన్స్‌కి?

నమస్తే అండీ. ఇవాళ మనం చూడబోయేది డిఫ్రాక్టివ్ ఉపరితలం, అంటే సన్నటి మెట్లతో వెలుగుని వంచే ఉపరితలం ఉన్న నైట్ విజన్ ఐపీస్ (కంటి వైపు ఉండే లెన్స్). ఇదిగో, చేతిలో ఉన్నది అక్రిలిక్ లెన్స్. పైకి నున్నగానే ఉంది. లైటు కింద కొంచెం వంచుతున్నాను, చూడండి. సన్నటి వలయాలు కనిపిస్తున్నాయా? మధ్యలో ఎడంగా, అంచుకు వెళ్లేకొద్దీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒక్కో మెట్టు ఎత్తు దాదాపు 1.1 మైక్రాన్లు.

ఇవి ఎందుకంటే, మామూలు లెన్స్ నీలాన్ని ఎక్కువగా, ఎరుపుని తక్కువగా వంచుతుంది. ఆ తేడా పోవాలంటే బరువైన ఫ్లింట్ గాజు లెన్స్ ఇంకోటి జతచేయాలి. డిఫ్రాక్షన్‌లో అంతా తిరగబడుతుంది, ఎరుపే ఎక్కువ వంగుతుంది. రంగులు ఎంత విడిపోతాయో చెప్పేది అబ్బే సంఖ్య, అది ఎంత చిన్నదైతే అంత ఎక్కువ విడిపోతాయి. లెన్సులకి వాడే మామూలు క్రౌన్ గాజుకి అది 64 దాకా ఉంటే, ఈ వలయాలకి మైనస్ 3.45, మైనస్ అంటే తిరగబడినట్టు. అందుకే వలయాలకి కాస్త పవర్ (వంచే శక్తి) ఇచ్చినా రంగులు సర్దుకుంటాయి, ఒక లెన్స్ ఆదా అవుతుంది. హెల్మెట్‌కి ముందు వేలాడే పరికరం కదా, తగ్గిన ప్రతి గ్రామూ మెడకి తెలుస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే.

అయితే మెట్టు ఎత్తు సరిగ్గా కుదిరేది ఒకే తరంగదైర్ఘ్యానికి. ఐపీస్‌కి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. అది చూసేది మసక వెలుగుని పెంచే ట్యూబ్ వెనక ఉన్న ఫాస్ఫర్ తెరని, అంటే బొమ్మ వెలిగే పూత ఉన్న తెరని. పచ్చటి పీ43 రకం ఫాస్ఫర్ వెలుగు చాలావరకు 545 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది.

ముందున్న ఆబ్జెక్టివ్ సంగతి వేరు. అది సుమారు 600 నుంచి 900 నానోమీటర్ల దాకా వెలుగు పోగుచేయాలి. 730 దగ్గర డిజైన్ చేస్తే, 600 దగ్గరికి వచ్చేసరికి లెక్క ప్రకారం 85 శాతమే సరైన చోట ఫోకస్ అవుతుంది. మిగతాది చెదిరిపోయి కాంట్రాస్ట్‌ని తినేస్తుంది. చీకట్లో ఒక వీధి దీపం ఎదురైతే దాని చుట్టూ మసక వలయం. ట్యూబ్ సొంతంగా ఇచ్చే హేలో ఎలాగూ ఉంది, దానికి ఇంకోటి తోడు ఎందుకండీ? ఆబ్జెక్టివ్‌కి మాత్రం నేను గాజు లెన్సులే మేలంటాను.

తెల్ల ఫాస్ఫర్ ట్యూబ్ వాడేవాళ్లకి ఒక మాట. దాని వెలుగు చాలా రంగుల్లో పరుచుకుని ఉంటుంది. పచ్చ కోసం చేసిన డిఫ్రాక్టివ్ ఐపీస్‌ని దానికి బిగిస్తే అంత స్ఫుటంగా రాదు. కొనే ముందు అది ఏ ఫాస్ఫర్‌కి డిజైన్ చేశారో అడిగి తెలుసుకోండి.