గ్రాండ్ నేషనల్: ముందు గుర్రం, ఆ తర్వాతే ధర

అందరికీ నమస్కారం. ఎల్లుండి శనివారం సాయంత్రం నాలుగింటికి లివర్‌పూల్ పక్కన ఎయిన్‌ట్రీలో గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం. ఈ హాల్లో ఉన్న చాలామందికి ఏడాది మొత్తంలో కాసే పందెం ఇదొక్కటే. ఆఫీసులో చీటీలు తీస్తారు, పిల్లలు పేరు బాగుందని ఒక గుర్రాన్ని ఎంచుకుంటారు, మనం ఐదు పౌండ్లు పెడతాం. అందులో తప్పేమీ లేదు. అయితే నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు "మీరు లెక్కల మనిషి కదా, ఏ గుర్రం గెలుస్తుందో చెప్పండి" అన్నారు. అది నేను చెప్పలేను. ఏ గుర్రానికి ఎంత ధర న్యాయమో మీ అంతట మీరు ఎలా అంచనా వేసుకోవచ్చో మాత్రం చెప్పగలను. ధర అంటే ఆ గుర్రం గెలిస్తే మన పందేనికి ఎంతకెంత ఇస్తారన్నది.

చిన్నప్పుడు మా నాన్న నన్ను మలక్‌పేట రేసుకోర్సుకు తీసుకెళ్లేవారు. అక్కడ కంచెలు ఉండవు. చదునైన ట్రాక్ మీద గుర్రాలు దూసుకెళ్తాయి, చూస్తుండగానే అయిపోతుంది. నాన్న రేసుకు ముందు గుర్రాలను నడిపించే ప్యాడక్ దగ్గర నిలబడి ప్రతి గుర్రం నడక చూసేవారు, చెమట చూసేవారు. బోర్డు మీద ధరలు మాత్రం చివర్లోనే చూసేవారు. "ధర ముందే చూస్తే ఇక గుర్రం కనపడదురా" అనేవారు. ఆ మాట విలువ నాకు ఈ దేశం వచ్చి, నేషనల్‌ని ఏళ్ల తరబడి గమనించాక తెలిసింది. 100/1 అని, అంటే ఒక పౌండుకు వంద లాభం అని, చూడగానే ఆ గుర్రంలో లోపాలు వెతుకుతాం. 7/1 అని చూడగానే గొప్పలు వెతుకుతాం. 

ముందు రేసు సంగతి. దాదాపు 6.9 కిలోమీటర్ల దూరం, రెండు చుట్లు, 30 కంచెలు. తొమ్మిది నిమిషాలకు పైగా పరుగు. మలక్‌పేట పక్కన పెట్టి చూస్తే ఇది వేరే ఆట అనిపిస్తుంది. మొదటి ప్రశ్న వేగం గురించి కాదు, ఓపిక గురించి. చివరి కంచె దాటాక కూడా 494 గజాలు మిగిలి ఉంటాయి. అక్కడిదాకా ముందున్న గుర్రాలు ఎన్నో ఆ గజాల్లో ఓడిపోయాయి. 1973లో క్రిస్ప్ అనే గుర్రం చాలా దూరం ఆధిక్యంతో వచ్చి, ముగింపు గీత దగ్గర ముప్పావు గుర్రం పొడవు తేడాతో రెడ్ రమ్‌కి దొరికిపోయింది. ఆ రోజు క్రిస్ప్ వీపు మీద 12 స్టోన్లు, రెడ్ రమ్ వీపు మీద 10 స్టోన్ల 5 పౌండ్లు. ఇక్కడ పౌండు అంటే డబ్బు కాదు, బరువు; 14 పౌండ్లు ఒక స్టోను. తేడా 23 పౌండ్లు. మన లెక్కలో పది కిలోల బియ్యం బస్తా కంటే కాస్త ఎక్కువ. ఆ బస్తా మోస్తూ 30 కంచెలు దూకిందన్నమాట. ఆ రికార్డింగ్ ఇప్పుడు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది.

ఈ బరువులు ఊరికే వేసినవి కావు. ఇది హ్యాండిక్యాప్ రేసు. ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఉంటుంది. ఒక పాయింటు ఎక్కువుంటే ఒక పౌండు ఎక్కువ మోయాలి. అందరూ ఒకేసారి గీత దాటాలన్నది ఆ బరువులు నిర్ణయించే హ్యాండిక్యాపర్ కోరిక. కాబట్టి "ఏది గొప్ప గుర్రం" అని అడిగి లాభం లేదు, దాని గొప్పతనానికి బరువు ముందే వేసేశారు. రేటింగ్ ఇచ్చిన తర్వాత ఏ గుర్రం ఇంకా మెరుగుపడిందో వెతకాలి. బరువులు ఫిబ్రవరిలోనే ప్రకటిస్తారు, రేసు ఏప్రిల్‌లో. ఆ మధ్యలో ఒక గుర్రం బాగా గెలిచినా దాని బరువు పెరగదు. వెతకాల్సిన చోటు అదే.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. 2025లో నిక్ రాకెట్ అనే గుర్రం 33/1 ధరకు గెలిచింది. జనవరిలో గౌరన్ పార్క్‌లో థైస్టీస్ చేజ్, ఫిబ్రవరిలో ఫెయిరీహౌస్‌లో బాబీజో చేజ్ గెలిచి వచ్చింది. రెండూ మూడు మైళ్ల పైచిలుకు రేసులు, రెండూ పేరున్నవే. అంతకుముందు ఏడాది నేషనల్ గెలిచిన ఐ యామ్ మాక్సిమస్ కూడా అదే బాబీజో చేజ్ గెలిచి ఎయిన్‌ట్రీకి వచ్చింది. ఇదంతా నా కాగితం మీద ఉంది. అయినా నేను దానికి 3 శాతం అవకాశమే వేసి వదిలేశాను. కారణం, అది మోస్తున్నది 11 స్టోన్ల 8 పౌండ్లు. బరువు ఎక్కువైతే నేషనల్‌లో గెలవడం కష్టం అన్న పాత సూత్రం నా బుర్రలో కూర్చుని ఉంది.

ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత కూర్చుని చూశాను. 1984 నుంచి 2004 దాకా 11 స్టోన్లకు మించి మోసిన ఏ గుర్రమూ గెలవలేదు. ఇరవై ఏళ్ల రికార్డు కదా, శిలాశాసనంలా కనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో అంత బరువు మోసే గుర్రాలే తక్కువ. పోటీలో ఎక్కువ భాగం 10 స్టోన్ల దగ్గరే గుమికూడి ఉండేది. గుంపు ఎక్కడుంటే గెలుపు కూడా ఎక్కువగా అక్కడే ఉంటుంది. తర్వాత రేసు స్థాయి పెరిగింది, బరువుల మధ్య తేడాలు తగ్గాయి. 2005లో హెడ్జ్‌హంటర్, 2010లో డోంట్ పుష్ ఇట్, 2012లో నెప్ట్యూన్ కొలాంజ్, 2015లో మెనీ క్లౌడ్స్, 2019లో టైగర్ రోల్, 2024లో ఐ యామ్ మాక్సిమస్ అందరూ 11 స్టోన్లు దాటి మోసినవాళ్లే. నేను చచ్చిపోయిన సూత్రాన్ని పట్టుకుని వేలాడాను.

వయసు సూత్రం కూడా అంతే. ఏడేళ్ల గుర్రం 1940 తర్వాత గెలవలేదని అందరూ చెబుతుండగా 2022లో నోబుల్ యేట్స్ 50/1కి గెలిచింది. పత్రికల్లో ఇలాంటి "పదేళ్ల ట్రెండ్స్" కనిపిస్తే, గెలిచినవి ఎన్ని అని చూడటంతో ఆగకండి, పాల్గొన్నవి ఎన్ని అని కూడా అడగండి.

కంచెల విషయంలోనూ పాత భయాన్ని కొంత తగ్గించుకోవాలి. బీచర్స్ బ్రుక్, చెయిర్ అనే పేరున్న కంచెలు ఇప్పటికీ చిన్నవి కావు. అయితే 2013 నుంచి కంచెల లోపల కర్ర తీసేసి మెత్తటి ప్లాస్టిక్ పెట్టారు. 2024లో పోటీని 40 నుంచి 34 గుర్రాలకు తగ్గించి, మొదటి కంచెను స్టార్టుకు దగ్గరగా జరిపారు. గుర్రాల ప్రాణాల కోసం చేసిన మార్పులివి, నేను మనసారా సంతోషించాను. ఆ ఏడాది 32 బయల్దేరితే 21 గీత దాటాయి, ఒక్కటీ కింద పడలేదు. అంటే దూకడం వచ్చు అన్న ఒక్క గుణానికి వెనకటంత మార్కులు వేయకూడదు. ఓపికకు, గుర్రం స్థాయికి ఎక్కువ వేయాలి. అదే 2024లో, అంతకుముందు ఏడాది విజేత కొరాక్ రాంబ్లర్ మొదటి కంచె దగ్గరే జాకీని పడేసుకుంది. అందుకే ఎంత నచ్చిన గుర్రానికైనా నేను 15 శాతం దాటి వేయను. ఏ గుర్రానికీ సున్నా కూడా వేయను. 1967లో ముందున్నవి ఒక కంచె దగ్గర ఒకదానికొకటి అడ్డుపడి ఆగిపోతే, వెనక వస్తున్న ఫొయినావన్ సందు చూసుకుని దూకి 100/1కి గెలిచింది. ఆ కంచెకు ఇప్పుడు దాని పేరే.

నేల సంగతి శనివారం ఉదయం చూడండి. వానకు బాగా నానిందంటే వేగం మీద ఆధారపడ్డ గుర్రాలకు మార్కులు కోయండి. 2001లో బురదలో నాలుగే పూర్తి చేశాయి, అందులో రెండు మళ్లీ జాకీ ఎక్కితే వచ్చినవి. ట్రైనర్ గురించి ఒక్క మాట: 2018 నుంచి 2025 వరకు ఏడు రేసులు జరిగితే ఆరు ఐర్లాండ్‌లో శిక్షణ పొందిన గుర్రాలవే, 2023లో మాత్రం స్కాట్లాండ్‌ది. 2025లో మొదటి మూడూ ఐర్లాండ్ ట్రైనర్ విల్లీ మలిన్స్ గుర్రాలే. ఈ సంగతి పందేలు తీసుకునే బుకీకి మనకంటే బాగా తెలుసు, ధరలో ముందే కలిపేసి ఉంటాడు.

ఇప్పుడు ధర. ధరకు ఒకటి కలపండి, వచ్చిన సంఖ్యతో 100ని భాగించండి. 7/1 అయితే 8, అంటే 12.5 శాతం. 33/1 అయితే 34, అంటే దాదాపు 3 శాతం. ఇలా 34 గుర్రాలకూ లెక్కేసి కూడితే 100 రాదు, ఎక్కువొస్తుంది. ఆ ఎక్కువే బుకీ బతుకుదెరువు. మొత్తం 140 వచ్చిందనుకోండి, 12.5 శాతం అని కనిపించేది నిజానికి 9 శాతం లోపే. మీ కాగితం మీద ఒక గుర్రానికి 5 శాతం ఉంటే దాని న్యాయమైన ధర 19/1. పందేల షాపు 25/1 ఇస్తే తీసుకోండి. 12/1 ఇస్తే ఎంత నచ్చినా వదిలేయండి. అది శనివారం గెలిచినా సరే, వదిలేసి తప్పు చేసినట్టు కాదు.

ఈచ్‌వే గురించి అక్కయ్యలు ఇందాక టీ దగ్గర అడిగారు. ఐదు పౌండ్ల ఈచ్‌వే అంటే మీ జేబులోంచి పోయేది పది. ఐదు గెలుపు మీద, ఐదు స్థానం మీద. మామూలుగా నాలుగు స్థానాలకు పావు ధర. 33/1 గుర్రం నాలుగో స్థానంలో వస్తే స్థానం పందెం మీద 46 పౌండ్ల 25 పెన్స్ చేతికొస్తుంది. కొన్ని షాపులు ఆరేడు స్థానాలకు ఇస్తామని బోర్డు పెడతాయి, కింద చిన్న అక్షరాల్లో ఐదో వంతు అని ఉంటుంది. అప్పుడు అదే గుర్రానికి 38 వస్తాయి. నెమ్మదిగా, నమ్మకంగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ స్థానాలు లాభం. గెలిస్తే గెలుస్తుంది లేకపోతే ఆగిపోతుంది అనే రకానికి పావు ధరే మేలు.

నెలల ముందు కాసే పందెంలో ధర బాగుంటుంది. కానీ గుర్రం రాకపోతే సాధారణంగా డబ్బు తిరిగి రాదు. నేను ఒకసారి ఫిబ్రవరిలో కాశాను, మార్చిలో దానికి కాలు నొప్పి. నాన్ రన్నర్ నో బెట్ అని రాసి ఉంటేనే వాపసు ఇస్తారు. తుది జాబితా ఇవాళ వచ్చేసింది కాబట్టి ఇప్పుడు ఆ టెన్షన్ తక్కువ.

ఇంకో మాట. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి తమ్ముళ్లు ఫోన్ చేసి "యాప్‌లో పెట్టొచ్చా" అంటే వద్దని గట్టిగా చెప్పండి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. ఇక్కడ కూడా 2020 నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కాయనివ్వరు, అది మంచి నిబంధన. మా ఇంట్లో నేషనల్‌కి ఇరవై పౌండ్లు కవర్లో పెడతాం. కవర్ ఖాళీ అయితే ఇక టీవీ చూడటమే.

మీ కుర్చీల మీద ఒక కాగితం ఉంది. 34 పేర్లు, వయసు, బరువు, ఆఖరి మూడు రేసులు ఉన్నాయి. ధరలు కావాలనే వేయించలేదు. మీ దగ్గర రూపాయి బిళ్లలు వంద ఉన్నాయనుకుని ఈ 34 గుర్రాలకు పంచండి, ఒక్కో బిళ్ల ఒక శాతం అవకాశం. పక్కవాళ్లది చూడకండి, ఫోన్లు లోపల పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత ధరలు నేను తెర మీద వేస్తాను. పెద్దమ్మ గారూ, మీకు పెన్ను అందిందా? సరే, మొదలుపెట్టండి.